పొద్దుతిరుగుడు చేనులో నూట ముప్పై అయిదు లెన్సు

1982 నవంబరులో నన్ను కర్నూలు నుంచి నంద్యాలకు డెప్యుటేషన్ మీద పంపారు. డెప్యుటేషన్ అంటే జీతం పాత ఆఫీసులో, పని కొత్త ఆఫీసులో. వ్యవసాయ శాఖలో నా హోదా ఫోటోగ్రాఫర్ కమ్ ఆర్టిస్టు. పేరు పెద్దదే గానీ శాఖలో చిన్న ఉద్యోగం. ప్రదర్శన క్షేత్రాలకు పై అధికారులు వచ్చినప్పుడు ఫోటోలు తీయడం, పురుగుల బొమ్మలు వేసి గోడపత్రికలు తయారు చేయడం, పల్లెల్లో స్లైడులు చూపించడం నా పనులు. స్లైడు అంటే అట్ట చట్రంలో బిగించిన రంగుల ఫిల్ము ముక్క. ప్రొజెక్టర్‌లో పెడితే తెల్లగుడ్డ మీద పెద్దగా పడుతుంది.

ఆ ఏడు శిరివెళ్ల నుంచి ఆళ్లగడ్డ దాకా నల్లరేగడి చేలల్లో పొద్దుతిరుగుడు చాలామంది వేశారు. చాలా గ్రామాలకు అది కొత్త పంట. ముందు ఏడు వేసినవాళ్ల చేలల్లో పువ్వు పెద్దదిగానే వచ్చింది గానీ నడిమధ్య గింజలన్నీ తాలుపోయాయి. విత్తనం మంచిది కాదని రైతులు ఆఫీసు చుట్టూ తిరిగారు. సస్యరక్షణ చూసే మా అధికారి శ్రీనివాసమూర్తి గారు కారణం వేరే అన్నారు. పొద్దుతిరుగుడులో గింజ కట్టాలంటే ఒక పువ్వు పుప్పొడి మరో పువ్వుకు చేరాలి, ఆ పని చేసేవి తేనెటీగలు. రైతులేమో పూత మీద పొద్దున్నే పొడిమందు చల్లిస్తున్నారు. మంచు తడి ఉన్నప్పుడు పొడి బాగా అంటుకుంటుంది. మంచు ఆరాక వచ్చిన ఈగ ఆ పొడిలోనే వాలుతుంది. అవసరమైతే మందు సాయంత్రం కొట్టండి అన్నది ఆయన సలహా.

ఆ సలహా చెప్పడానికి శిరివెళ్ల దగ్గర ఒక ఊరి బడిలో స్లైడులు వేశాం. పట్టపగలు కాబట్టి కిటికీలకు కంబళ్లు కట్టించాం. తేనెటీగ స్లైడు ఒక్కటే ఉంది. అది ఏదో విదేశీ పుస్తకంలోని బొమ్మకు తీసిన నకలు. ఆ స్లైడు పడగానే ముందు వరుసలో కూర్చున్న ఓబుళరెడ్డి లేచాడు. నాలుగెకరాల పొద్దుతిరుగుడు వేసిన రైతు, ఊళ్లో మాట చెల్లే మనిషి.

"ఆ ఈగ మాది కాదప్పా" అన్నాడు. "మా ఈగలు గింజల్లో పాలు తాగుతాండాయి. అందుకే తాలుపోతాండాయి. ఈగలు పోవాలనే నేను మందు చల్లిస్తాండా."

ఊరంతా ఆయన వైపే ఉంది. శ్రీనివాసమూర్తి గారు ఎంత చెప్పినా ఎవరి చెవికీ ఎక్కలేదు. తిరుగు దారిలో జీపులో ఆయన నాతో ఒక్క మాటే అన్నారు, ఈ ఊరి చేనులో ఈ ఊరి ఈగను తీయగలరా అని. తీస్తానన్నాను.

తీయలేకపోయాను. ఆఫీసు కెమెరాకు ఉన్నది మామూలు యాభై మిల్లీమీటర్ల లెన్సు. దగ్గరి వస్తువులు పెద్దగా కనిపించడానికి లెన్సుకూ కెమెరాకూ మధ్య బోలు గొట్టాలు బిగిస్తారు. వాటిని ఎక్స్‌టెన్షన్ ట్యూబులంటారు, లోపల అద్దాలేమీ ఉండవు. అవి వేస్తే పువ్వు పెద్దగానే కనిపించింది గానీ లెన్సు ఈగకు జానెడు దూరం కూడా లేకుండా పోయింది. నా నీడ పడగానే ఈగ లేచిపోయేది. మా ప్రాంతానికి నల్లమల నుంచి వచ్చేవి పెద్ద కొండ తేనెటీగలు. రెండు రోజుల్లో నాలుగు కాట్లు తిన్నాను. చిత్రం ఒక్కటీ రాలేదు.

పొడవు లెన్సు కావాలని ఆఫీసుకు ఇండెంట్ పెట్టాను. అంటే ఫలానా వస్తువు కావాలని రాతపూర్వకంగా అడగడం. అందులో 200 మిల్లీమీటర్ల లెన్సు అని రాశాను, ఎంత పొడవుంటే అంత మంచిదని నా నమ్మకం. దానికి మూడు కొటేషన్లు తెప్పించాలి, పై ఆఫీసు మంజూరు చేయాలి. ఒక చేను పూత పదిహేను రోజులకు మించి నిలవదు. కాగితం కదిలేలోపు పంట కోతకొస్తుంది. అప్పుడే సొంతంగా కొనాలని తీర్మానించుకున్నాను.

నంద్యాలలో దస్తగిరి అనే కెమెరా మెకానిక్ ఉండేవాడు. మద్రాసు వెళ్లి పాత లెన్సులు తెచ్చి బాగుచేసి అమ్మేవాడు. ఆఫీసు కెమెరాకు మరమేకులా తిప్పి బిగించే లెన్సులు పడతాయి. ఆ రకం పాత లెన్సులు దండిగా దొరికేవి. దగ్గరి చిత్రాల కోసమే తయారైన మాక్రో లెన్సు ఒకటి చూపించాడు గానీ దాని ధర వినగానే పక్కన పెట్టించాను. మిగిలినవి రెండు. కొత్తదిలా మెరిసే 200 ఒకటి, తూర్పు జర్మనీలో తయారైన పాత 135 ఒకటి.

ఒక పొద్దుతిరుగుడు తలను తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లాను. ఇత్తడి గ్లాసులో నిలబెట్టి, అవే గొట్టాలతో రెండు లెన్సులూ వేసి చూశాను. లెన్సు మూతి నుంచి పువ్వు దాకా దూరం దారంతో కొలిచాను. 200 మీద నా నమ్మకం అక్కడే పోయింది. అది రెండు మూరల దాకా దూరంగా నిలబడనిచ్చింది, నిజమే. కానీ అవే గొట్టాలతో దానిలో పువ్వు చిన్నదిగా కనిపించింది. లెన్సు పొడవు పెరిగేకొద్దీ గొట్టాల బలం తగ్గుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. పైగా చేయి కొద్దిగా అదిరినా బొమ్మంతా ఊగింది. 135లో సుమారు మూరెడు దూరం వచ్చింది, తల నిండా ఉండే బుల్లి గొట్టపు పువ్వుల్లో ఒక్కోటీ విడిగా కనిపించింది.

దానికి రెండు లోపాలున్నాయి. వెలుతురుకు పట్టి చూస్తే లోపలి అద్దం అంచున సన్నటి బూజు కనిపించింది. ఫోకస్ తిప్పే వలయం బిగుసుకుపోయి ఉంది. దస్తగిరి దాచలేదు.

"బూజు అంచున ఉండాదన్నా, నడిమధ్య లేదు. రేటు తక్కువ అందుకే. తీసుకుంటావో లేదో నీ ఇష్టం" అన్నాడు.

లెన్సు కన్నాన్ని మూసి చిన్నది చేస్తే వెలుతురు నడిమి అద్దం గుండానే పోతుంది కాబట్టి అంచు బూజుతో నాకు పనిలేదు. బిగుసుకున్న వలయం మేలే అనుకున్నాను. ఇంత దగ్గరి చిత్రానికి ఎవరూ వలయం తిప్పుతూ కూర్చోరు. ఒకసారి పెట్టేసి, ఒళ్లు ముందుకూ వెనక్కూ వంచి ఈగ స్పష్టంగా కనిపించినప్పుడు మీట నొక్కుతారు. పెట్టిన చోట కదలకుండా ఉండే వలయమే కావాలి.

ఆ తక్కువ రేటుకు సరిపడా డబ్బు కూడా నా చేతిలో లేదు. సెలవు రోజుల్లో పెళ్లి ఫోటోలు తీసుకునే నా సొంత కెమెరాను బదులుగా ఇస్తానన్నాను. దస్తగిరి ఒప్పుకున్నాడు గానీ ఇంట్లో చెప్పి రమ్మన్నాడు. నా భార్య సుగుణమ్మ నంద్యాలలోనే క్రైస్తవ మిషన్ బడిలో టీచరు.

"పెండ్లిండ్ల దుడ్లు పోతాయి గదా. ఈగల ఫోటోలు ఎవురు కొంటారు?" అంది.

ఎవరూ కొనరని చెప్పాను. ఆమె పిల్లల నోటుపుస్తకాలు దిద్దుకుంటూ పోయింది. చివరికి, "ఇయ్యాలనుకుంటే ఇచ్చెయ్. ఇచ్చినాక మళ్లా నా ముందర బాధపడొద్దు" అంది. ఆ సాయంత్రమే కెమెరా ఇచ్చి లెన్సు తెచ్చుకున్నాను.

మర్నాడు మొదటి బస్సుకు శిరివెళ్లలో దిగి ఓబుళరెడ్డి దగ్గరికి వెళ్లాను. ఆయన చేనులోనే తీయాలని నా పట్టుదల. అక్కడ తీస్తే మా ఈగ కాదనడానికి ఆయనకు వీలుండదు. పూత మీద కొన్నాళ్లు మందు ఆపమని అడిగాను.

"నాలుగు దినాలు ఇస్తా. అయిదో దినం పొద్దున్నే మందు చల్లిస్తా. నీ ఫోటో కోసరం నా పంట పోగొట్టుకోలేనప్పా" అన్నాడు. మందు చల్లే కూలీలను కూడా అప్పుడే మాట్లాడుకున్నాడు.

మొదటి రోజు నా చేతిలోనే తప్పు జరిగింది. ఆ పాత లెన్సులో చూసేటప్పుడు కన్నం పూర్తిగా తెరవాలి, మీట నొక్కే ముందు చేత్తో మూసి చిన్నది చేయాలి. ఈగ కనిపించిన ఆత్రంలో మూయడం మరిచి అయిదు ఫ్రేములు పాడుచేశాను. నా దగ్గర ఉన్న రంగుల రీలు ఒక్కటే, ముప్పై ఆరు ఫ్రేములు. రెండో రోజు మబ్బు, కెమెరా బయటికే తీయలేదు. ఆ రోజు శ్రీనివాసమూర్తి గారు వచ్చి, విచ్చబోయే పది తలలకు పలుచని గుడ్డ సంచులు కట్టించారు. గాలి ఆడుతుంది, ఈగ మాత్రం దూరదు. ఓబుళరెడ్డి అది చూసి నవ్వాడు గానీ వద్దనలేదు.

మూడో రోజు పని కుదిరింది. వెదురు కర్రకు కెమెరా ఆనించి, సూర్యుడికి ఎదురుగా కాకుండా, నీడ పువ్వు మీద పడకుండా పక్కగా నిలబడ్డాను. మూరెడు దూరంలో ఉన్న నన్ను ఈగలు పట్టించుకోలేదు. తొమ్మిదింటి నుంచి పదకొండింటి దాకా పద్దెనిమిది ఫ్రేములు తీశాను.

అయినా నా చేతిలో చూపించడానికి ఏమీ లేదు. ఆ రీలు బొంబాయికి రిజిస్టర్డ్ పోస్టులో పోవాలి, కడిగి తిరిగి రావడానికి నెల పడుతుంది. ఎల్లుండి పొద్దున్నే చేను మీద మందు పడుతుంది. ఇన్నాళ్లూ లెన్సు గురించే ఆలోచించాను గానీ ఈ లెక్క వేసుకోలేదు. నాలుగో రోజు మిగిలిన ఫ్రేములు తీస్తూ అదే మథనపడుతుంటే ఓబుళరెడ్డి గట్టు మీదికి వచ్చాడు.

"ఏందప్పా, మూడు దినాల నుంచి చూస్తాండా. దాంట్లో ఏం కనపడుతాది నీకు?" అన్నాడు.

చూడమన్నాను. లెన్సు కన్నం పూర్తిగా తెరిచి, కర్రను ఆయన చేతికిచ్చి, ఒళ్లు ముందుకు వంచి ఎలా చూడాలో చెప్పాను. మొదట ఏమీ కనిపించడం లేదన్నాడు. తర్వాత ఒక్కసారిగా తల వెనక్కి తీసి ఈగ వైపు నేరుగా చూసి, మళ్లీ కన్ను ఆనించాడు.

"నాయనా! దీని కాళ్లకు ఏందీ పచ్చ మూటలు?"

పుప్పొడి అని చెప్పాను. అంతకుమించి వివరించలేదు. ఆయన ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు కర్ర జరుపుకుంటూ చాలాసేపు చూశాడు. పొద్దుతిరుగుడు తల అంచు నుంచి నడిమికి వరుస వెంట వరుస విచ్చుకుంటుంది. అంచు వరుసల్లో గింజ పట్టే వేళకు లోపలి వరుసలు పూస్తుంటాయి. ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

"గింజ పట్టిన వరస మీద వాలనే వాలల్యా" అన్నాడు కాసేపటికి, కన్ను తీయకుండానే. "పూసే వరస మీదనే తిరుగుతాండాది. పాలు తాగేదైతే పాలుండే గింజల మీదికి పోవల్ల గదా?"

మూడు రోజులు అదే పువ్వులను అదే లెన్సులో చూసిన నాకు ఆ ముక్క తట్టలేదు. శ్రీనివాసమూర్తి గారి ప్రసంగంలోనూ లేదు.

ఓబుళరెడ్డి అక్కడికక్కడే మారిపోయాడని చెప్పను. ఇంటికెళ్లేటప్పుడు తేల్చి చెప్పాడు, "మూడెకరాలు వదిలేస్తా. ఒక ఎకరం మాత్రం మందు చల్లించేదే. రెండూ చూడల్ల." అయిదో రోజు పొద్దున్నే అలాగే చేయించాడు. శాఖ తరఫున మేం అడిగి ఉంటే ఇంతకన్నా మంచి పరీక్ష ఏర్పాటు చేయలేకపోయేవాళ్లం.

కోతనాడు నేనూ శ్రీనివాసమూర్తి గారూ వెళ్లాం. మందు చల్లిన ఎకరంలో తలల నడిమధ్య అరచెయ్యంత మేర తాలు. వదిలేసిన చేనులో నడిమి దాకా గింజ నిండింది. గుడ్డ సంచులు విప్పితే ఆ పది తలల్లో గట్టి గింజలు వెతుక్కోవలసి వచ్చింది. ఓబుళరెడ్డి ఆ పదింటినీ ఒక్కొక్కటిగా గోటితో గీరి చూసి, గంపలో వేసుకుని ఊళ్లోకి తీసుకెళ్లాడు.

బొంబాయి నుంచి రీలు వచ్చింది. ముప్పై ఆరులో ఏడు పనికొచ్చాయి. వేసవి పంట విత్తే ముందు అదే బడిలో, కిటికీలకు కంబళ్లు కట్టి ఆ ఏడు స్లైడులూ వేశాం. శ్రీనివాసమూర్తి గారు మాట్లాడబోతే ఓబుళరెడ్డి, "మీరు కూసోండి సార్, నేను చెప్తా" అని తెర పక్కన నిలబడ్డాడు. వెనక నుంచి ఎవరో ఇది యాడ తీసినారని అడిగితే, "నా చేనులోనే. నేను కూడా చూసినా" అన్నాడు. ఆ వేసవిలో ఆ ఊళ్లో పూత మీద పొద్దున మందు చల్లినవాళ్లు ఒకరిద్దరు మాత్రమే. పక్క ఊళ్లలో మళ్లీ మొదటి నుంచీ చెప్పుకోవలసి వచ్చింది.

నేను ఇండెంట్‌లో రాసిన 200 లెన్సు మరుసటి ఏడు మంజూరైంది. నేనే తప్పు రాశానని ఒప్పుకుంటూ, దాని బదులు 135, ఇంకో జత గొట్టాలు ఇప్పించమని ఉత్తరం పెట్టాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. అడిగినవి వచ్చాయి. పెళ్లిళ్ల కెమెరా మళ్లీ కొనడానికి నాకు మూడేళ్లు పట్టింది. సుగుణమ్మ ముందు నేను ఆ సంగతి ఎత్తలేదు.

తర్వాత చాలామంది కొత్త ఉద్యోగులు పువ్వులకూ పురుగులకూ ఏ లెన్సు కొనాలని నన్ను అడిగారు. నువ్వు తీయదలచిన ప్రాణి నిన్ను ఎంత దగ్గరికి రానిస్తుందో ముందు కొలుచుకో, ఆ దూరానికి సరిపడే లెన్సు పాతదైనా చాలు అని చెప్పేవాణ్ణి. ఉద్యోగం గురించి మాత్రం నేను నేర్చుకున్నది వేరే. చిత్రం తీసి చూపించడమే నా పని అని అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఏ చేనుకు వెళ్లినా మీట నొక్కే ముందు ఆ రైతును ఒకసారి కెమెరాలో చూడమనేవాణ్ణి. దానివల్ల కొన్ని మంచి ఫ్రేములు పోయాయి. అది కూడా డ్యూటీలో భాగమేనని లెక్కవేసుకున్నాను.