బహామాస్ పక్షులకి కుంకుమ బొట్టు

పోయిన నెల నా పుట్టినరోజుకి మా ఆయన బహామాస్ దేశపు వెండి నాణెం కానుకగా ఇచ్చాడు. ఆ దేశపు స్వాతంత్ర్యానికి గుర్తుగా వేసిందట, మీద రెండు ఫ్లమింగో పక్షులున్నాయి. దాన్ని గుండ్రటి ప్లాస్టిక్ డబ్బాలో బిగించి మరీ ఇస్తూ, "చూస్కో, కానీ ముట్టుకోకు" అన్నాడు.

ఈ రోజు శుక్రవారం కదా, పొద్దున్నే దీపపు కుందులు తోముతుంటే అది గుర్తొచ్చింది. తీసి చూస్తే అంచులు నల్లబడి ఉన్నాయి. డబ్బా విప్పి, విభూతితో తళతళలాడేలా తోమి, రెండు పక్షులకీ చెరో బొట్టు పెట్టి లక్ష్మీదేవి పటం ముందు ఉంచాను.

సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చిన మనిషి దేవుడి అల్మరా ముందు కొయ్యబారిపోయాడు.

"అయ్యో, తోమేశావా! కాయిన్ కలెక్టర్స్ అసలు క్లీనే చేయరు. ఆ నలుపు ఉంటేనే వాల్యూ. ఇంక దీన్నెవడూ కొనడు!"

"నా గిఫ్ట్‌ని ఎవరికి అమ్ముదామనుకున్నావ్?"

నాణెం వైపే చూస్తూ, "పోనీ ఆ బొట్లయినా తుడిచెయ్" అన్నాడు.

తుడవలేదు. ఇంట్లోకి వెండి వస్తే ముందు దేవుడి దగ్గర పెడతాం. బహామాస్ వెండికి వేరే రూల్ ఎందుకు? వచ్చే శుక్రవారం మళ్లీ తోముతాను.

గిఫ్ట్ ఇచ్చి ముట్టుకోవద్దనే మొగుళ్లు మీ ఇళ్లలోనూ ఉన్నారా? డబ్బాలు విప్పి పట్టుకురండి. టెక్సస్‌లోని కాపెల్‌లో మా ఇంట్లో విభూతి కావలసినంత ఉంది.