దండెం మీద పాల కవర్లు

మా ఇంట్లో బట్టలతో పాటు పాల కవర్లు కూడా దండెం మీద ఆరేవి. ఇంటింటికీ రెండు బుట్టలిచ్చి, తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త ఇంకోదాంట్లో వేయమన్నారు. పాల కవరు పొడి చెత్త అని అవ్వకు నేనే చెప్పాను.

"లోపల పాల తడి ఉంటే అది పొడి చెత్త ఎట్లయితాదిరా?" అంది.

అప్పట్నుంచి ప్రతి కవరూ బియ్యం కడిగిన నీళ్లతో కడిగి, హిందూపురం నుంచి నేను తెచ్చిన బట్టల క్లిప్పులు పెట్టి ఆరేసేది. మా ఊళ్లో కొళాయి నీళ్లు రోజూ రావు మరి.

ఒక పొద్దున చెత్తబండి ఆమె మా రెండు బుట్టలనూ ఒకే తొట్టిలో గుమ్మరించింది. నాకు ఒళ్లు మండింది.

"ఏమ్మా, మేము వేరు చేసి ఇస్తే కలిపేస్తాండావే?" అని అరిచాను.

"బండికి ఒగటే తొట్టి ఉండాదన్నా. ఆడ దిబ్బలోనూ అంతా ఒగటే."

నమ్మక, స్కూటర్ మీద బండి వెనకాలే ఊరవతల దిబ్బ దాకా పోయాను. అరటి తొక్కలూ, డైపర్లూ, మా కవర్లూ అన్నీ ఒక్క మంటలో కాలుతున్నాయి. ఆమె మీద అరిచినందుకు సిగ్గేసింది. ఎవరి మీద అరవాలో మాత్రం తెలియలేదు.

"మన కవర్లు ఏం చేస్తారంట?" ఇంటికి రాగానే అవ్వ అడిగింది.

"మళ్లీ కవర్లే చేస్తారంట" అన్నాను.

సాయంత్రం గాలి మా వైపు తిరిగింది. దండెం మీంచి కవర్లు తీస్తున్న అవ్వ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఎవురో చెత్త కాలుస్తాండారు చూడు, బుద్ధి లేనోళ్లు! మన మాదిరి కడిగి ఇచ్చేదానికి ఏం రోగం?"