ఫ్యాను కింది మంచం

మొన్న మా వీధి చివరి క్లినిక్‌లో ఒక నర్సు అమ్మాయి స్పిరిట్ దూదితో నా జబ్బ తుడిచింది. ఆ చల్లదనం తగలగానే చేయి వెనక్కి లాక్కున్నాను. "ఈ సూది ఎవలికి బిడ్డా?" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. "నీకే అవ్వా, ఇంకెవలికి?" "మరి నా పేరేంది చెప్పు." నవ్వు ఆపి చీటీ చూసింది, పేరు చదివింది. అప్పుడే చేయి చాచాను. వరుసలో కూర్చున్నవాళ్లకు నేను చాదస్తపు ముసలిదానిలా కనబడి ఉంటాను. వాళ్లలో ఎవరూ స్వరూప సిస్టర్‌ను చూసి ఉండరు.

నేను ఆమెను చూసింది గోదావరిఖనిలో, ఒక ఆసుపత్రి మగవాళ్ల వార్డులో. మా ఆయన బొగ్గు బాయిలో పనిచేసేవాడు. పైకప్పు నుంచి పెళ్ల ఊడిపడి కాలు విరిగింది. ఎండాకాలం. మా దిక్కు ఎండలు ఎలా ఉంటాయో చెప్పాలంటే, రాత్రి కూడా గోడను ముట్టుకుంటే చేయి కాలేది. ఆయన మంచం ఆ గోడ పక్కనే. పక్క మంచం మల్లయ్య కాకది, ఆయనా బాయి మనిషే. షుగర్ ముదిరి ఆయన పాదానికి పుండు పడింది. ఫ్యాను సరిగ్గా ఆ మంచం మీద తిరిగేది. బాయిలో పనిచేసేవాళ్లకు ఏదైనా వంతులు వేసుకోవడమే తెలుసు. ఇద్దరూ ఒప్పందం చేసుకున్నారు. ఒకరోజు నువ్వు ఫ్యాను కింద, ఒకరోజు నేను. మల్లయ్య కాక కుంటుకుంటూ ఇటు వచ్చేవాడు, మా ఆయనను నేనూ ఆయాలూ పట్టుకుని అటు మార్చేవాళ్లం. స్వరూప సిస్టర్‌కు ఇదంతా తెలుసు. వార్డులోకి వస్తూనే, "ఇయ్యాల ఫ్యాను డ్యూటీ ఎవలిది?" అని అడిగేది. "ఫస్టు షిఫ్టు నాదే సిస్టరమ్మా" అని ఎవరో ఒకరు అనేవారు. వార్డంతా నవ్వేది.

ఆ పొద్దున ఫ్యాను కింద మా ఆయన ఉన్నాడు. ఈగల బాధకు దుప్పటి ముఖం మీదికి లాక్కుని పడుకున్నాడు. నేను చాయ్ తేవడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి ఆయన ఒళ్లంతా చెమటతో తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి. నన్ను చూసి "ఎవలు నువ్వు?" అన్నాడు. నేను పెట్టిన కేకకు సిస్టర్ పరుగెత్తుకొచ్చింది. ఆయన ముఖం చూసి, గోడ దిక్కు తిరిగి అడిగింది. "కాకా, ఇయ్యాల నీకు సూది ఏసిన్నా?" "ఇంక ఎయ్యలేదు బిడ్డా." ఆ మాటతో ఆమె పెదవులు తెల్లబడ్డాయి. అది ఎందుకో నాకు తెలియలేదు. డాక్టర్ వచ్చాడు. సిస్టర్ ఏదో చెప్పింది. నరంలోకి గ్లూకోజ్ ఎక్కించారు. కాసేపటికి మా ఆయన కళ్లు తెరిచి, "చాయ్ ఏది?" అన్నాడు.

నేను స్వరూప సిస్టర్ కాళ్ల మీద పడ్డాను. "నా పుస్తె నిలబెట్టినవు తల్లీ" అని ఏడ్చాను. ఆమె గబుక్కున వెనక్కి జరిగింది.

"నా కాళ్లు మొక్కకు అక్కా. ఆయనకు గిట్ల అయింది నా వల్లనే. కాకకు ఏసే షుగర్ తగ్గించే సూది నీ పెనిమిటికి ఏసిన. మంచం చూసిన, మనిషిని చూడలే. పేరు అడగలే."

వెనుక నిలబడ్డ ఇంకో నర్సు ఆమె కొంగు పట్టి లాగింది. "ఊకో స్వరూపా, మనిషి మంచిగైండు గద!"

నేను నేల మీదే ఉండిపోయాను. చంపబోయిన చేయీ బతికించిన చేయీ ఒకటే. పైగా ఆ చేయి తనంతట తానే వచ్చి నా ముందు నిలబడింది. చెప్పకపోతే నాకు ఎన్నటికీ తెలిసేది కాదు.

డ్యూటీ దిగి మా మరిది నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. సిస్టర్ మీది మీదికి పోయాడు. ఆమె కదలలేదు. "కొట్టేటట్టుంటే కొట్టుండ్రి. గానీ ఆయనకు షుగర్ మళ్ల పడిపోతది. చూసుకుంట ఉండాలె. ముందుగాల నన్ను చూసుకోనియ్యుండ్రి." మరిది ఇంకేదో అనబోతుంటే మంచం మీది నుంచి మా ఆయన గొంతు వినబడింది. "అరేయ్, బాయిల నా మీద పెళ్ల పడ్డది. పైకప్పు గట్టిగున్నదని చూసి మమ్ముల లోపలికి పంపినోడు ‘నేను సక్కగ చూడలే’ అని ఇయ్యాల్టి దాక నా ముంగట నిలబడలే. ఈమె నిలబడ్డది. నాకు సూది ఏస్తే ఈమెనే ఎయ్యాలె."

సిస్టర్ తన తప్పును పై అధికారులకు కూడా చెప్పుకుంది. కొన్నాళ్లు డ్యూటీ నుంచి తప్పించారు. తిరిగి వచ్చినప్పుడు మా ఆయన ఇంకా కట్టుతోనే ఉన్నాడు. మంచానికి పేరు రాసిన పట్టీ అంటించింది. నన్ను కూర్చోబెట్టి, అందులో మొదటి అక్షరం మీద నా వేలు పెట్టించింది. "నాకెందుకమ్మా ఈ వయసుల" అన్నాను. "రేపు నేను ఉండకపోవచ్చు. ఉన్నా మళ్ల తప్పు చెయ్యొచ్చు. మమ్ముల ఆపేటోళ్లు ఒకలుండాలె అక్కా" అంది. నా చదువు ఆ పట్టీ దగ్గర మొదలై, మందు డబ్బాల మీదుగా సాగింది. ఆయన కాలు బాగై ఇంటికి వచ్చాక కూడా ఆగలేదు.

ఏళ్లు గడిచాక బొగ్గు దుమ్ము మా ఆయన ఊపిరితిత్తులను పట్టింది. వేరే ఊళ్లో పెద్ద ఆసుపత్రిలో చేర్చాం. పొద్దున నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి, ఒక సూది వేశాక మధ్యాహ్నానికి లేడు. "శరీరం తట్టుకోలేదు" అన్నారు. ఆ సూది వేసేటప్పుడు నన్ను బయటికి పంపారు. ఏ మందు అని డాక్టర్లను అడిగాను, నర్సులను అడిగాను. ఒక చిన్న వయసు నర్సు నన్ను చూసి తల దించుకుంది. దగ్గరికి వెళ్లి ఆమె చేయి పట్టుకున్నాను. చల్లగా ఉంది. "బిడ్డా, నేను తిట్ట. కేసు పెట్ట. ఏమైందో చెప్పు, గంతే." ఆమె నోరు తెరిచింది. లోపలి నుంచి ఎవరో ఆమెను పేరు పెట్టి పిలిచారు. చేయి విడిపించుకుని వెళ్లిపోయింది.

స్వరూప సిస్టర్ నాకు అడగడం నేర్పింది. ఎదుటివాళ్లు చెప్పకపోతే ఏం చేయాలో ఆమె కూడా నేర్పలేదు.