ఇన్‌స్పెక్టరు చెయ్యని ప్రమాణం

ఆ మనిషి పేరు నా నోట రాదు. పేరు పెట్టి చెప్పుకునేంత మనిషి కూడా కాదులే. మా చిత్తూరులో అందరూ ఇన్‌స్పెక్టరయ్య అనేవాళ్ళు. ఖాకీ విప్పేసి ఖద్దరు కట్టినాక కూడా ఆ పిలుపే నిలబడిపోయింది. ఆయప్పకు అది ఇష్టమే. ఖద్దరు అంగీకి గంజి దట్టంగా పెట్టించి, ఇస్త్రీ మడత చెడకుండా బిర్రబిగుసుకోని నడిచేవాడు. ఓట్లడిగేదానికి వీధులెంబడి తిరిగేటప్పుడు ఎవురన్నా అడ్డమొస్తే చాలు, కుడిచెయ్యి లాఠీ కోసం తడుముకునేది. అంతలో తెలివొచ్చి అదే చెయ్యి ఎత్తి దణ్ణం పెట్టేవాడు. అది చూసి కొంగు అడ్డం పెట్టుకోని నవ్వని ఆడది మా వీధిలో లేదు.

నాకు మాత్రం నవ్వొచ్చేది కాదు. ఎందుకంటే మా ఆయన సంగతి చెప్పవల్ల.

మా ఆయన వీధి బళ్ళో అయివారు. నలభై రెండులో ఊరూరా ఉద్యమం రేగినప్పుడు, ఇంగిద్దరితో కలిసి రైలు కట్ట పక్కన టెలిగ్రాఫు తీగ తెంపి పాడుబావిలో పారేసినాడు. ఆ ఇద్దరూ పారిపోయినారు, ఈయన దొరికిపోయినాడు. దేశం కోసమే తెంపినానని స్టేషన్లో తనే చెప్పినాడు, దాచుకోలా. ఇన్‌స్పెక్టరు అంతా తీరుబడిగా విన్నాడంట. విని రాసింది మాత్రం రాగితీగ దొంగతనమని.

ఎందుకంటారా? తన సర్కిల్లో ఉద్యమమనే మాటే లేదని, ఉండేదంతా చిల్లర దొంగలేనని పైనున్న తెల్లదొరకు చూపించుకోవల్ల. ఆ దొర మురిసిపోయి మెడల్ ఇచ్చినాడు. దాన్ని రొమ్మున తగిలించుకోని ఫోటో తీయించి నడవలో పెట్టుకున్నాడు. స్వరాజ్యం వచ్చిన వారంలోనే ఆ ఫోటో గోడ దిగిపోయింది, గోడ మీద తెల్లటి మచ్చ మాత్రం మిగిలింది. అంత వేగంగా దొంగ కూడా గోడ దిగడు.

వేలూరు జైల్లో ఉద్యమం వాళ్ళనంతా ఒకపక్క పెట్టి, మా ఆయన్ను జేబుదొంగల్లో కలిపినారు. బయటికొచ్చినాక బళ్ళోకి రానీలేదు. పిల్లోళ్ళకు పద్యాలు నేర్పిన మనిషి మండీలో బెల్లం మూటలు మోసినాడు. నేనేమన్నా అంటే, పనే కదా, పోనీలే అనేవాడు. ఆ పోనీలే వినీ వినీ నాకు విసుగు పుట్టింది.

స్వరాజ్యం వచ్చినాక జైలుకు పోయినోళ్ళందరికీ దండలేసినారు, పోయిన ఉద్యోగాలు మళ్ళీ ఇచ్చినారు. మా మామ, అంటే మా ఆయన నాయన, బడి పెద్దల దగ్గరికి పోయి అడిగినాడు. వాళ్ళు మంచిగానే మాట్లాడినారు. మీవాడు ఎట్లాంటోడో మాకు తెలుసు, కానీ కాగితంలో దొంగ అని ఉండాది, రాసిన ఇన్‌స్పెక్టరే నలుగురిలో కాదని చెప్తే రేపే వచ్చి పాఠం చెప్పమనండి అన్నారు. అంతే, ఆయప్ప నోట్లోంచి ఒక్క మాట రావల్ల. మా ఆయన పరువూ, పనీ ఆ మాటమీద నిలబడినాయి.

ఆయప్పేమో జిల్లా బోర్డుకు నిలబడి మీటింగుల్లో ఒకటే పాట. ఖాకీ తొడిగినా లోపల గుండె ఖద్దరేనంట. తన చేత్తో ఒక్క దేశభక్తుణ్ణి కూడా జైలుకు పంపలేదంట. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. సిగ్గూ ఎగ్గూ లేని నోరు, ఏం చెప్పినా తడబడదు.

మా వీధికి ఓట్లడిగేదానికి వచ్చినపుడు మా మామ ఎదురు పోయి నిలబడినాడు.

"సూడప్పా, కాణిపాకానికి రా. నా కొడుకు దొంగ కాదని ఆ సామి ముందర ఒక్కమాట చెప్పు. ఈ వీధి ఓట్లన్నీ నీకే."

మా పక్క కాణిపాకం ప్రమాణమంటే కోర్టు తీర్పుకంటే పెద్దది. స్నానం చేసి, తడిగుడ్డలతో వినాయకుడి ముందర నిలబడి చెప్పిన మాటను ఎవురూ కాదనరు. ఆడ అబద్ధమాడేదానికి గజదొంగకు కూడా కాళ్ళు వణుకుతాయి. ఇన్‌స్పెక్టరు కూడా వణుకుతాడు, నిజం కక్కుతాడు అని మా మామ లెక్క. ఆయప్ప వెంటనే సరే అన్నాడు. మేం పొంగిపోయినాం, ఎర్రిమొహాలం. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నేరం ఒప్పుకోనివాళ్ళను ఆయప్ప ఈడ్చుకోని పోయింది ఆ గుడికేనని మాలో ఒక్కరికీ తట్టలా. ఆ గడప దగ్గర ఎవురిని ఏమడగాలో ఆయప్పకు తెలిసినట్లు పూజారికి కూడా తెలీదు.

ఆ పొద్దు వీధి వీధంతా బండ్లు కట్టుకోని పోయినాం. బడి పెద్దలు కూడా వచ్చినారు. మా ఆయనా ఇన్‌స్పెక్టరూ ఇద్దరూ మునిగి వచ్చి తడిగుడ్డలతో నిలబడినారు. ఖద్దరు తడిసి గంజి కారిపోయేతలికి ఆయప్ప పెద్ద బొజ్జ బయటపడింది. నాకు లోపల్లోపల సంబరంగా ఉండింది, ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని.

ఆయప్ప జనం పక్కకు తిరిగి, నేరం మోసినవాడు ముందర చెప్పేది ఈడి రివాజు కదప్పా అన్నాడు. అవునన్నారు అందరూ. అప్పుడు మా ఆయన్ను చూసి, గొంతులో చక్కెర పోసుకున్నట్లు అడిగినాడు.

"సర్కారు తీగ నా చేత్తో తెంపలేదని చెప్పు నాయనా. తక్కింది నేను చెప్తాను."

మా ఆయన నోరు తెరిచి, తెంపింది దొంగతనానికి కాదని ఏదో మొదలుపెట్టినాడు. ఆయప్ప చెయ్యెత్తి ఆపినాడు. సామి ముందర కథలొద్దు, తెంపలేదా, తెంపినావా, అంతే చెప్పు అన్నాడు. తెంపలేదని ఒక్కమాట అనేస్తే ఏం పోతుందయ్యా అని నా ప్రాణం కొట్టుకునింది. అదే చోట ఇన్‌స్పెక్టరుంటే ఊదిపడేసి ఉంటాడు. మా ఆయన మాత్రం సామిని చూసినాడు, మా మామను చూసినాడు, తల దించుకున్నాడు.

"తెంపినాను."

ఆయప్ప కళ్ళు మూసుకోని చేతులు జోడించినాడు. పాపం, దేవుడి ముందర నిజం ఒప్పుకున్నాడు, పెద్దమనసు చేసుకోని మన్నించండప్పా అని జనానికి చెప్పి పక్కకొచ్చేసినాడు. తను చెయ్యాల్సిన ప్రమాణం ఊసే లేదు, అడిగినోళ్ళూ లేరు. బడి పెద్దలు మా మొహం చూడకుండా బండెక్కినారు. ఎంత నికృష్టుడో చూడండి, దేవుడి గుళ్ళో కూడా లాకప్పు పనే చేసినాడు.

గెలిచినాడు. మా వీధి ఓట్లు కూడా పడినాయి, మన్నించమన్న పెద్దమనసుకంట.

ఆ తర్వాత వచ్చిన ఆగస్టు పదైదున, తెల్లారంగానే ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి మా ఆయన్ను స్టేషనుకు పిలుచుకోని పోయినారు. నేను సంగటి గిన్నె తీసుకోని వెనకాలే పోయినాను. ఏం నేరం చేసినాడని అడిగితే, కొత్త నేరమేం లేదమ్మా అని ఒక కానిస్టేబులు మర్యాదగానే చెప్పినాడు. దొంగతనంలో శిక్ష పడినోళ్ళను జాతరకో మీటింగుకో ముందుగా తెచ్చి కూచోబెట్టి, అయినాక వదిలేస్తారంట. ఈపొద్దు ఎదురు మైదానంలో జెండా ఎగరేసేది పెద్దాయన కదా, జనంలో దొంగలు ఉండకూడదని ఆయన మాటంట.

కిటికీలోంచి అంతా కనపడతా ఉండింది. గంజి పెట్టిన ఖద్దరులో ఆయప్ప తాడు లాగినాడు. మా వీధి బడి పిల్లోళ్ళు జై కొట్టినారు. ఆ కేక వినపడంగానే మా ఆయన నేలమీదనుంచి లేచి నిటారుగా నిలబడినాడు.

కానిస్టేబులు భుజం మీద చెయ్యి వేసి, కూచో అన్నాడు.