చిట్కుల్ మిద్దె మీద మూడు కిలోవాట్లు

2024 చలికాలం. ఇస్నాపూర్‌లో నా సోలార్ షాపు పెట్టి అప్పటికి రెండేళ్లు. ఐదు వందల ఇళ్ల మీద ప్యానెళ్లు బిగించానని బోర్డు మీద రాయించాను. నిజానికి అరవై కూడా లేవు. అంతకుముందు ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్‌ని. అది మాత్రం నిజం.

ఒకరోజు చిట్కుల్ నుంచి సుగుణ టీచర్ వచ్చింది. భర్త యోహాను కాజీపల్లిలో మందుల ఫ్యాక్టరీలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డాడు. పగలూ రాత్రీ ఆక్సిజన్ మెషిన్ నడవాలి. కరెంటు బిల్లు ఆమె జీతాన్ని మింగేస్తోంది.

మూడు కిలోవాట్లకు దాదాపు రెండు లక్షలవుతుందని, అందులో డెబ్బై ఎనిమిది వేలు కేంద్రం సబ్సిడీ ఇస్తుందని చెప్పాను. అయితే అది ముందే రాదు. ప్యానెళ్లు ఎక్కి, మనం లైనుకు పంపింది, వాడుకున్నది లెక్కపెట్టే నెట్ మీటర్ బిగించాకే ఖాతాలో పడుతుంది. బ్యాంకు లోను పోను ఇరవై వేలు చేతి నుంచి పెట్టాలి. అవి ఆమె దగ్గర లేవు. ఇంట్లో ఇన్వర్టర్, రెండు బ్యాటరీలు ఉన్నాయని, అమ్మేద్దామా వద్దా అని నసిగింది.

"మరి కరెంటు పోతే ఎట్ల కాకా?"

"నీ మిద్దె మీదనే కరెంటు తయారైతుంటే, ఊర్ల పోతే నీకేంది బిడ్డా? చిట్కుల్ అంత చీకటైనా నీ ఇంట్ల లైటు ఎలుగుతది."

బేరం కుదిరే వేళ నోరు నా మాట వినదు. ఆ ఇన్వర్టర్, బ్యాటరీలు ఆ ఇరవై వేల కింద నేనే కొన్నాను.

నేను పెట్టింది ఆన్‌గ్రిడ్, అంటే లైనుతో ముడిపడ్డ సిస్టమ్. లైనులో కరెంటు పోగానే అదీ ఆగిపోతుంది. ఆగకపోతే స్తంభం మీదున్న లైన్‌మన్‌కు షాక్ కొడుతుంది. అప్పుడు ఎంత ఎండ కాసినా బ్యాటరీ లేనిదే ఇంట్లోకి కరెంటు రాదు. ఇదంతా నాకు తెలియక కాదు.

ప్యానెళ్లు బిగించాక ఆమె రెండుసార్లు ఫోన్ చేసింది. కరెంటు పది నిమిషాలు పోతే మెషిన్ ఆగిందని, చిన్న ఆక్సిజన్ సిలిండర్ పెట్టానని. సెట్టింగు మార్చాలి, వస్తానన్నాను. పోలేదు.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం వాళ్ల ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. సిలిండర్ గంటన్నరలో అయిపోయింది. పక్కింటివాళ్ల ఆటోలో తీసుకెళ్తుంటే, పటాన్‌చెరు చేరకముందే యోహాను పోయాడు.

మరునాడు వెళ్లాను. ఆమె ఏడవడం లేదు.

"మీదికెక్కి సూసిన కాకా. గంత ఎండుంది. ప్యానెళ్లన్ని మంచిగనే ఉన్నయి. మరి కరెంటెందుకు రాలే?"

"వచ్చింది బిడ్డా. మెషినే పాతది, ఎక్కువ గుంజి అంత బంద్ చేసింది" అన్నాను.

షాపులో అడిగినవాళ్లకూ అదే చెప్పాను. ఇన్నాళ్లకు ఇక్కడ రాస్తున్నాను, అది అబద్ధం.

ఇప్పుడు ఎవరొచ్చినా ధర కంటే ముందు ఆ సంగతి చెబుతున్నాను. లైను పోతే ఇదీ పోతుంది, ఇంట్లో రోగి ఉంటే బ్యాటరీలు తీయకండి అని. సగం మంది లేచి వెళ్లిపోతారు. వెళ్లనిస్తాను.

మొన్న సుగుణ టీచర్ బిల్లు చూపించడానికి వచ్చింది. మెషిన్ లేదు కదా, కట్టాల్సింది ఏమీ లేదు. కాగితం మడిచి సంచిలో పెట్టుకుంటూ అంది.

"నేనే జెర ముందుగాల మెషిన్ మార్పిస్తే బతుకుతుండె కాకా."

నేను తల ఊపాను.