రెండోదాన్ని వెతుకుతూ చింతామణి నుంచి చిక్కబళ్లాపురం దాకా

మా అక్క రత్నమ్మకు బుగ్గ లోపల క్యాన్సర్ అని తేలింది. బెంగళూరు డాక్టర్లు ఆపరేషన్ చేస్తామన్నారు గాని, అంతకు ముందు ఒక పని చేసుకుని రమ్మన్నారు. గొంతు నుంచి అన్నవాహికలోకి కెమెరా గొట్టం వేసి చూడాలి, ఊపిరితిత్తులకు స్కాన్ తీయాలి. ఏళ్ల తరబడి ఆకువక్కల్లో పొగాకు నమిలినవాళ్లకు నోట్లో ఉన్నదే కాకుండా, ఆ రసం దిగిన దారిలో మరొకటి విడిగా పుట్టి ఉండవచ్చునట. ఈ పరీక్ష చిక్కబళ్లాపురంలోనే చేయించుకోవచ్చని చెప్పారు. అలా మొదలైంది మా ప్రయాణం. ఇదే దారిలో వెళ్లవలసినవాళ్లు ఉంటారని వివరంగా రాస్తున్నాను.

నాది బాగేపల్లిలో చిన్న టైలరింగ్ దుకాణం. పొద్దున కత్తిరించవలసిన బట్టలు కత్తిరించేసి, పదకొండు దాటాక చేలూరు మీదుగా పోయే చింతామణి బస్సు ఎక్కాను. సీటు సులువుగానే దొరికింది. దారి పొడవునా మామిడి తోపులు, టమోటా తోటలు. అక్కవాళ్ల ఊరు చింతామణికి దగ్గరే. బస్టాండు నుంచి ఆటోలో వెళ్లాను.

ఇంట్లో అందరూ పట్టుపురుగుల పనిలో ఉన్నారు. పురుగు చర్మం విడిచే దశను అక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం దాటితే పురుగులకు ఆకలి ఎక్కువ, రేయింబవళ్లు మల్బరీ ఆకు వేస్తూనే ఉండాలి. అందుకే బావ కదలలేడు. అక్క వెంట నేను పోవాలన్నది ఆ ఇంటి ఏర్పాటు. అక్కకు మాత్రం పోవాలనే లేదు.

తట్టల్లో ఆకు పరుస్తూనే నామీద విరుచుకుపడింది. "ఉన్నదొకటి చాల్లేదా శీనా? దాన్ని కోసేస్తే అయిపోతాది. లేనిదాన్ని యాల ఎదుక్కుంటా పోవల్ల?"

"లేదంటే మంచిదే కదక్కా. లేదని తెలుసుకోనే పోతాండేది."

"ఉందంటే?"

బావ ఆకుల మోపు దించి, "పొద్దున్నే రైలు ఉండాది. పోయి రాండి," అన్నాడు. ఆయన మాట కాదనలేక అక్క ఇంకో తట్ట అందుకుంది.

పరీక్షకు ముందు రాత్రి భోజనం తరవాత ఏమీ తినకూడదు, పొద్దున నీళ్లు కూడా తాగకూడదు. తెల్లవారగానే చింతామణి స్టేషన్‌కు వచ్చాం. కోలారు వైపు నుంచి వచ్చే రైలు ఇక్కడ ఆగి శిడ్లఘట్ట మీదుగా చిక్కబళ్లాపురం పోతుంది. వేళలు మారుతుంటాయి, ముందు రోజే కనుక్కోవడం మంచిది. టికెట్టుకు వరుస కూడా లేదు. పెట్టెలో ఎదురు సీటు కుటుంబం డబ్బా విప్పి పులిహోర తినడం మొదలుపెట్టింది. వాళ్లు మాకూ పెట్టబోతే అక్క నవ్వింది. "ఈపొద్దు నాకు ఉపవాసం తల్లీ. దేవునికి కాదు, డాక్టరమ్మకి."

శిడ్లఘట్ట రాగానే అక్క లేచి సంచి అందుకుంది. "ఈడ దిగి పట్టుగూళ్ల మార్కెట్టు చూసుకోని ఇంటికి పోదాం పా. రేటెట్ల ఉండాదో మీ బావకి చెప్పచ్చు." తమాషాగా అన్నట్టే ఉంది కాని, చెయ్యి అప్పటికే తలుపు కమ్మీ మీద పడింది. సరిగ్గా అప్పుడే ఒక నడివయసు ఆవిడ పెద్ద సంచితో ఎక్కి దారికి అడ్డంగా నిలబడింది. రైలు కదిలింది. అక్క మళ్లీ కూర్చోక తప్పలేదు. ఆవిడ అక్క పక్కనే కూర్చుంది.

పేరు మునెమ్మ. పట్టు దారం తీసే యూనిట్‌లో పని చేస్తుంది. అక్క బుగ్గ వాపు చూసి, "ఏమమ్మా, పన్నా?" అని అడిగింది. అక్క దాచకుండా చెప్పింది. ఎక్కడికి పోతున్నామో, తనకెందుకు ఇష్టం లేదో కూడా చెప్పింది.

మునెమ్మ సంచి తాడు సవరించుకుంది. "మా ఇంటాయనకి గొంతులో వచ్చిండె అక్కా. రేడియేషన్ కరెంటు పెట్టినారు, బాగా అయిండె. ఊరంతా తిరిగె. మళ్లా ఒగ పొద్దు సంగటి దిగలేదు. పోయి చూపిస్తే అన్నం పోయే దావలో ఇంగొగటి ఉండాది, ఇది శానా దినాలది అనిరి." అక్కడ ఆగి, కొంగుతో మొహం తుడుచుకుంది. "మొదుట్లోనే చూడమని మాకెవురూ చెప్పలేదు. నీకు చెప్పినారు. నువ్వు పో."

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"గొట్టం ఏసేటప్పుడు ముక్కుతో ఊపిరి తీసుకో," అంది మునెమ్మ. "గొంతు బిగబట్టద్దు. వాంతి వచ్చినట్ల అయితాది, అంతే."

చిక్కబళ్లాపురంలో దిగాక ఆమె తన దారిన పోయింది. మేము ఆటోలో ఆసుపత్రికి చేరేసరికి ఎనిమిదిన్నర. పాత రిపోర్టులన్నీ వెంట తీసుకుపోవాలి. కట్టుడు పళ్లుంటే తీయిస్తారు, కదిలే పళ్లుంటే ముందే చెప్పాలి. అక్క గొంతులో మందు కొట్టి తిమ్మిరెక్కించారు. లోపలికి పోయే ముందు వెనక్కి తిరిగి, "ముక్కుతో కదా?" అని నన్నడిగింది. అవునన్నాను.

బయట బెంచీ మీద కూర్చున్నాను గాని అది కూర్చోవడం కాదు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేస్తున్నాను. చివరికి డాక్టరమ్మ నన్నే లోపలికి పిలిచింది. కన్నడం ఆమె మాతృభాష. మాకోసం తెలుగులో మాట్లాడింది.

తెర మీద అన్నవాహిక లోపలి బొమ్మ ఉంది. అయోడిన్ మందు చల్లితే ఆరోగ్యంగా ఉన్న గోడ గోధుమ రంగు తిరుగుతుందట, చెడిన చోటు రంగు పట్టదట. గోడంతా గోధుమ రంగే. ఒక పక్కన మాత్రం వేలిగోరంత చోటు పాలిపోయి ఉంది. అంత చిన్నదాన్ని చూడటానికి తెర దగ్గరికి వంగాను.

"నోట్లోది పాకిందా డాక్టరమ్మా?" అన్నాను.

"పాకింది కాదు అనుకుంటాను. ఇది బేరేది, విడిగా తనంతట తాను పుట్టింది. పైపొరలోనే ఉన్నట్టు కనిపిస్తాంది. ముక్క తీసి పరీక్షకు పంపిస్తాము. నేననుకునేదే అయితే, కడుపు కొయ్యకుండా ఇదే దారిలో గొట్టంతోనే తీసెయ్యవచ్చు. ఇంకో ఏడాది పోయి వచ్చింటే నేను ఈ మాట చెప్పలేకపోతుంటిని."

ఆ తరవాత స్కాన్ తీశారు. ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు.

అక్కకు ఎలా చెప్పాలా అని వరండాలో తచ్చాడుతుంటే ఆమే నా మొహం చూసి, "ఉండాదా?" అంది. ఉందన్నాను. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను. అక్క గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఏడుస్తుందనుకున్నాను. కళ్లు తెరిచి, "ఆకలయితాంది," అంది.

గొంతు తిమ్మిరి పోయేదాకా ఆగి, బస్టాండు దగ్గర చిన్న హోటల్లో భోజనం చేశాం. రాగి సంగటి, ఆకుకూర ఉడకేసిన నీళ్లతో చేసిన బస్సారు అనే చారు. సంగటి నమలక్కరలేదు, ముద్ద చేసి మింగితే చాలు. నోరు నొప్పిగా ఉన్నవాళ్లకు ఈ సీమలో ఇంతకన్నా సుఖమైన తిండి లేదు. అక్క రెండో ముద్ద కూడా అడిగింది.

ఆ సాయంత్రమే ఆమెను ఊరికి చేర్చాను. తరవాతి వారం ఇద్దరం రిపోర్టు కోసం మళ్లీ పోయాం. డాక్టరమ్మ అనుకున్నదే నిజమైంది. కొత్తగా పుట్టినదే, పైపొర దాటలేదు. బెంగళూరుకు ఫోను చేసి మా ఎదుటే మాట్లాడింది. ముందు గొట్టంతో దీన్ని తీసి, ఆ పుండు మానాక బుగ్గ ఆపరేషన్ చేస్తారట. రెండూ నయమయ్యే దశలోనే ఉన్నాయంది. బావకు ఫోను చేసి చెబితే, అంతా రెండుసార్లు చెప్పించుకున్నాడు. "పురుగులు గూళ్లు బాగా కట్టినాయి," అన్నాడు చివరికి.

ఆ రోజు అక్క తిన్నగా ఇంటికి పోనంది. నాలుగు రోజులు మా ఇంట్లో ఉంటానంది. మూడు గంటలప్పుడు బాగేపల్లి బస్సు ఎక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్టు ఉచితం, నాకు మాత్రం కండక్టరు టికెట్టు కొట్టాడు. కిటికీ సీటు అక్కదే. పెద్ద రోడ్డు మీద బస్సు హాయిగా పోతోంది, ద్రాక్షతోటల మీద ఎండ తగ్గుతోంది. జబ్బును వెతకడానికి చేసిన ప్రయాణం ఇంత నెమ్మదిని ఇస్తుందని బయలుదేరిన రోజు ఎవరైనా చెప్పి ఉంటే నేను నమ్మేవాణ్ణి కాదు. కనపడకుండా ఉన్నంతకాలమే అది మమ్మల్ని భయపెట్టింది.

పేరేసంద్ర దాటాక, ముందు సీటులోని ముసలమ్మ వెనక్కి తిరిగి అక్క ఒళ్లోని స్కాన్ కవరు చూసింది.

"ఆసుపత్రి నుంచా తల్లీ? ఏమన్నారు?"

"రెండు ఉండాయంటమ్మా," అంది అక్క, కవరు సరిగ్గా పెట్టుకుంటూ. "రెండూ దొరికినాయి."