పూజలందుకున్న పెళ్లి పత్రిక

పెళ్లిని వాన ఆపగలదు, వంటవాడు ఆపగలడు, అలిగిన మేనత్త ఆపగలదు. నా పెళ్లిని ఆపబోయింది మాత్రం నేనే ఏరికోరి అచ్చు వేయించిన శుభలేఖ. అదెలా అని అడిగే ముందు కాసిని మంచినీళ్లు తాగి కూర్చోండి.

నేను కోయంబత్తూరులో పంపులు డిజైన్ చేసే ఇంజనీరుని. ఏ యంత్రం ఎక్కడ చెడుతుందో ముందే రాసిపెట్టడం నా ఉద్యోగం. పెళ్లికీ అలాగే రాశాను. కరెంటు పోతే జనరేటరు, జనరేటరు పోతే పెట్రోమాక్సు, నాదస్వరం వాళ్లు రాకపోతే మా చిన్నాన్న. ప్రతి గండానికీ ఒక విరుగుడు. పత్రిక అన్న వరసలో మాత్రం ధీమాగా 'గండం లేదు' అని రాశాను.

మాది అక్కడికి దగ్గర్లో, అన్నూరు పక్కన పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఆఫీసులో ఇంగ్లీషు. ముత్తాతల ముత్తాతల నుంచి మా తెలుగు నోట్లోనే బతికింది. మా చుట్టాల్లో తెలుగు అక్షరం చదవగలవాళ్లు ఒక్కరు లేరు. అప్పట్లో నేనూ చదవలేను. అయినా పెళ్లి కుదిరిన వారానికే భాషాభిమానం నాకు చలిజ్వరంలా తగులుకుంది.

"పత్రిక తెలుగులోనే వెయ్యాల నైనా," అన్నాను.

మా నాన్న పేపరు మడిచాడు. "ఎవురు చదివేదానికి?"

"చదివేదానికి కాదు. గౌరవానికి."

"గౌరవం సరి. ముహూర్తం ఎన్ని గంటలకని గౌరవాన్ని అడిగి తెలుసుకోవాల్నా?"

వంటింట్లోంచి అమ్మ కల్పించుకుంది. "తమిళంలో ఒక కాగితం లోపల పెట్టేయ్ రా. సుమ్మా, ఊరికే చిన్నది."

"పట్టుచీరకి రబ్బరు చెప్పుల మాదిరి ఉంటాదిమా."

"చెప్పులు లేకుంటే కాళ్లు కాలతాయిరా."

నేను వినలేదు. వినేవాణ్ణయితే ఈ వ్యాసం ఉండేది కాదు.

ఆంధ్రా వైపు ఒక ప్రెస్సులో చేయించాను. ఎర్ర మఖమలు పెట్టె, ఇత్తడి గడియ. మూత తెరిస్తే శ్రీనివాసుడు, ఆయన పాదాల కింద బంగారు అక్షరాలు. పక్క అరల్లో కోయంబత్తూరు ఆర్.ఎస్. పురం బజారులో కొన్న బాదం, జీడిపప్పు, కుంకుమ భరిణె. పెట్టెలు రాగానే మూత సమంగా పడుతోందా లేదా అని వెర్నియర్‌తో కొలిచాను. నవ్వకండి. చాలా సమంగా పడింది. తర్వాత్తర్వాత, పెళ్లికి తెప్పించిన డ్రోను గురించి, వేదిక మీద పొగ వదిలే మిషను గురించి నేనూ నా భార్యా చాలాసార్లు విచారించాం గానీ, ఆ పెట్టె ముందు అవన్నీ ఏనుగు పక్కన ఎలుకలు.

మా నాన్న ప్రతి ఇంటికీ వెళ్లి పెట్టె చేతికిచ్చి, ముహూర్తమూ మండపమూ నోటితో చెప్పి, వాళ్లచేత మళ్లీ చెప్పించుకుని వచ్చేవాడు. ఒకే పని రెండుసార్లు చేస్తున్నాడే పాపం అని నేను ఆయన మీద జాలిపడ్డాను.

ఇక పెళ్లికూతురు రేవతి. మదురై దాటి, తిరుమంగళం అవతల నల్లరేగడి పల్లె వాళ్లది. వాళ్లూ మాలాగే తెలుగు మాట్లాడటమే గానీ చదవలేని రైతులు. రేవతి నన్ను కోరిన కోరిక ఒక్కటే. తల్లికి తమ్ముడు, రంగసామి మామ, తనను చెయ్యి పట్టుకుని పెళ్లి వేదిక ఎక్కించాలి. చిన్నప్పుడు భుజాన ఎత్తుకుని బడికి తీసుకుపోయిన మనిషి. కానీ ఒక బోరుబావి తగాదాలో ఆయనకీ రేవతి నాన్నకీ మాటలు పోయి చాలా ఏళ్లయింది. పిలవడానికి ఆ ఇంటివాళ్లు పోరు. నేను చూసుకుంటానని ఛాతీ విరుచుకున్నాను.

"మీరు నేరుగా పోయి పిలవండి," అంది రేవతి ఫోనులో. "మామకి మాట కావాల."

"మన పత్రికే మాట్లాడతాది చూడు," అని ఒక పెట్టె కొరియర్లో పంపాను. చేరినట్టు ఫోనుకు సమాచారం రాగానే ఆమెకు పంపించాను.

"చేరింది సరి. మామ ఏమన్నాడు?"

"సంతకం పెట్టినాడు."

పెళ్లి వారంలో రేవతి మళ్లీ ఫోను చేసింది. గొంతు బాగా దిగిపోయి ఉంది. "మామ తిరుపతికి టికెట్ తీసినాడంట. మన పెండ్లి దినానికే."

నేను నోరు తెరిచేలోగా తనే అంది. "మీ పత్రిక బాగా మాట్లాడింది."

ఆ మాట పట్టుకుని మర్నాడు తెల్లారేసరికి కారు తీశాను. దారి పొడవునా ఒకటే ఆలోచన. ఈయన రాకపోతే రేవతి వేదిక ఎక్కుతుంది, తాళి కట్టించుకుంటుంది, కానీ ఆ చెయ్యి ఖాళీగా ఉందన్న సంగతి నాకు జీవితాంతం గుర్తుచేస్తుంది. గుర్తుచేయకపోయినా గుర్తుచేసినట్టే ఉంటుంది.

మామ వాకిట్లో మిరపకాయలు ఎండబోస్తున్నాడు. నన్నెప్పుడూ చూసినవాడు కాడు. "ఎవురు అబ్బాయీ? ఎండలో వచ్చినావు, లోపలికి దా. మజ్జిగ తాగుదువు," అంటూ తీసుకెళ్లాడు.

లోపల పూజగూట్లో, దేవుళ్లందరికీ నడుమ, పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, ముందు దీపం వెలిగించి ఉంది నా పత్రిక.

అత్త ఇచ్చిన మజ్జిగ గ్లాసు పట్టుకుని ఆ గూటి ముందే నిలబడిపోయాను.

"ఏం అట్ల చూస్తా ఉండావు? తిరుపతి ప్రసాదం," అన్నాడు మామ. "నేను అడగను కూడా లేదు. దేవుడే ఇల్లు వెతుక్కుంటా పంపినాడు, అందుకే కొండకి టికెట్ తీసినా. చూడు, అంతా ఆయన అక్షరాలే."

అత్త అందుకుంది. "మా ఎద్దు మూడు దినాలు మేత ముట్టలేదు అబ్బాయీ. దీంట్లో బాదంపప్పు ఒకటి పెట్టితి. లేచి నిలబడింది."

"మామా, తిరుపతికి ఇప్పుడే ఏమిటికి? నాలుగు దినాలు ఆగి పోవచ్చు కదా," అన్నాను మెల్లగా.

ఆయన గూట్లో దీపం వత్తి ఎగదోశాడు. "మా అక్క బిడ్డకి పెండ్లి. ఊరంతటికీ పిలుపు వచ్చింది, నాకు రాలేదు. ఆ దినం ఊళ్లో ఉంటే నలుగురూ అడగతారు, ఏం రంగసామీ పోలేదా అని. అది చూసే దేవుడు నన్ను కొండకి పిలిచినాడు."

అంతవరకూ నాకు నవ్వొస్తూ ఉండింది. ఆ మాటతో ఆగిపోయింది.

"మామా, అది ప్రసాదం కాదు. పత్రిక."

"ఏ పత్రిక?"

"రేవతి పెండ్లి పత్రిక."

అత్త చేతిలో చెంబు అక్కడే నిలిచింది. మామ గూట్లోంచి పెట్టె తీసి, కళ్లకద్దుకుని, నా చేతిలో పెట్టాడు. "చదువు. విందాం."

ఒక్కసారి నా స్థితి ఆలోచించండి. వేలు అక్షరాల మీద పెట్టి, గుక్క తిప్పుకోకుండా, నాకు తెలిసిన వివరాలన్నీ ఒప్పజెప్పాను. వధువు, వరుడు, మండపం, విందు. పూర్తయ్యాక అత్త నెమ్మదిగా అంది. "అంతా బాగుండాది. దేవుడి పాదాలే పైకి ఉండాయి."

పెట్టెను తలకిందులుగా పట్టుకుని ఉన్నాను.

ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. పెట్టె కింద పెట్టి లేచి నిలబడ్డాను. "మామా, నాకూ చదవను రాదు. రేవతిని చేసుకోబోయేవాణ్ణి నేనే. మీ చెయ్యి పట్టుకోకుండా ఆ బిడ్డ వేదిక ఎక్కితే అది ఆమెకి పెండ్లి మాదిరి ఉండదు. మీరు రావాల. అత్తా, మీరూ రావాల."

మామ నన్ను పైనుంచి కిందికి, విత్తనాల మూట చూసినట్టు చూశాడు. "ఈ నాలుగు మాటలకి ఇంత పెట్టె ఏమిటికి మాప్ళె?"

అల్లుణ్ణి మదురై వైపు అలా పిలుస్తారు. ఆ తమిళ మాట అంత తియ్యటి తెలుగులా నాకెప్పుడూ వినిపించలేదు.

"టికెట్ రద్దు చేస్తే దేవుడు ఏమనుకుంటాడో," అంది అత్త.

"పెండ్లి అయినాక నేనే పిలుచుకుపోతా అత్తా."

మామ వచ్చాడు. రేవతి చెయ్యి పట్టుకుని, పంచె అంచు రెండో చేత్తో సర్దుకుంటూ, మండపమంతా చూస్తుండగా ఆమెను వేదిక ఎక్కించాడు. కిందనుంచి చూస్తున్న రేవతి నాన్న లేచి వచ్చి ఆయనకు కుర్చీ వేశాడు. పొగ మిషను వదిలిన పొగలో ఆ దృశ్యం ఫోటోల్లో సరిగా పడలేదు. ఫరవాలేదు, నేను దగ్గరే ఉన్నాను.

నెల తిరగకుండా మాట ప్రకారం అందరం తిరుమల వెళ్లాం. క్యూలో మామ సంచీలోంచి పెట్టె తీశాడు. ఒకసారి పూజ చేసింది ఇంట్లో ఒంటరిగా ఎలా వదలడం అని వెంట తెచ్చాడట. ముందు నిలబడిన పెద్దాయన భీమవరం వైపువాడు. "ఒకతూరి చదివి వినిపించండి సామీ," అని మామ ఆయన చేతికిచ్చాడు.

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "చిరంజీవి సత్యనారాయణ, చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి ప్రసన్న. వివాహ వేదిక, భీమవరం. తేదీ చూస్తే ఇది జరిగి రెండేళ్లయింది కదండీ. మీకేమవుతారు?"

రేవతి మెల్లగా నా వైపు తిరిగింది. ప్రెస్సువాళ్లు నమూనాకని ఏదో పాత పత్రిక ఫోటో పంపారు. నేను అంచులు, ఖాళీలు, అక్షరాల మందం అన్నీ సరిచూసి 'అచ్చం ఇలాగే వెయ్యండి' అన్నాను. వాళ్లు మాట తప్పని మనుషులు.

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. మా చుట్టాల్లో ఒక్కరు చదివి ఉన్నా, ఉన్న జనమంతా భీమవరం పోయేవారు.

"అట్లయితే," అన్నాడు మామ పెట్టె మూసి, "ఈ పత్రికతో మీ పెండ్లికి ఒక్కరినీ పిలవలేదు."

"లేదు మామా."

"అయినా మండపంలో కూర్చోను చోటు లేదు."

ఆ మాట ఆయన ఎంత గర్వంగా అన్నాడో, నేనూ అంతే గర్వంగా విన్నాను. వాళ్లందరినీ పిలిచింది మా నోటి తెలుగే, అక్షరం సాయం లేకుండా ఇంత దూరం వచ్చిన తెలుగు.

ఊరికి రాగానే పలక కొనుక్కుని తెలుగు అక్షరాలు దిద్దాను. ఈ వ్యాసం వాటితో రాసిందే. ఏడుకొండల క్యూలో, వెనకవాళ్లు తోస్తుండగా, నేను చేసిన ప్రమాణం మాత్రం ఇది: ఇకపై మా ఇంట ఏ శుభకార్యం జరిగినా గడప గడపకీ వెళ్లి నోటితోనే పిలుస్తాను. ఖర్మ కాలి మళ్లీ పత్రిక వేయించాల్సి వస్తే, మూత కొలిచే ముందు పెళ్లికొడుకు ఎవరో చదువుతాను.